గీతల్లో వెలుగు, గీతల్లో చీకటి

కామిక్ పుస్తకం అచ్చువేసే చవక కాగితం మీద బూడిదరంగు ఉండదు. ఇంకు పడ్డచోట నలుపు, పడనిచోట తెలుపు. మరి పొద్దుగూకే వేళ మసక వెలుతురు, తుప్పుపట్టిన కత్తి, రాతిగోడ మీది నాచు మన కంటికి ఎలా అందాలి? ఫిలిప్పీన్స్ చిత్రకారుడు అల్ఫ్రెడో అల్కాలా జీవితమంతా ఈ చిక్కుముడినే గీతలతో విప్పారు.

1925లో నెగ్రోస్ దీవిలోని తలిసాయ్‌లో పుట్టారు. బడి మధ్యలోనే మానేసి సైన్‌బోర్డులు రాశారు. తర్వాత ఇనుప పనుల దుకాణంలో చేరి దీపాలకు, ఇంటి సామానుకు, చివరికి ఒక చర్చిలో ప్రసంగపీఠానికి కూడా నమూనాలు గీశారు. ఆయన గీసిన కవచాలు చూస్తే ఇనుము బరువు తెలుస్తుంది. అది ఆ దుకాణం నేర్పిన చదువేనని నా నమ్మకం.

1948లో కామిక్స్‌లో అడుగుపెట్టారు. ఫిలిప్పీన్స్‌వాళ్ళు వాటిని 'కోమిక్స్' అంటారు. 1929లో లివాయ్‌వాయ్ పత్రికలో టోనీ వెలాస్కెజ్ బొమ్మలతో కెన్‌కోయ్ అనే కామిక్ మొదలయ్యాక వేళ్లూనిన సంప్రదాయమది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చిల్లరకొట్లలో అద్దెకిచ్చేంత గిరాకీ వచ్చింది. అంత పనిలో మాటిమాటికీ బ్రష్‌ను ఇంకుబుడ్డిలో ముంచుతూ కూర్చుంటే సాగదు. అందుకే ఫౌంటెన్ పెన్నులా ఇంకును తనలోనే దాచుకునే బ్రష్‌ను అల్కాలా సొంతంగా తయారుచేసుకున్నారు. సహాయకులను మాత్రం పెట్టుకోలేదు. ప్రతి గీతా తన చేతిదే కావాలన్నది ఆయన పట్టుదల.

ఆ గీత నడక చూడాలి. భుజం కండ మీద గుండ్రంగా తిరుగుతుంది, చెట్టు బెరడు మీద నిలువునా దిగుతుంది, మేఘంలో సుడులు చుడుతుంది. గీతలు ఒత్తుగా పడితే నీడ, ఎడంగా పడితే వెలుగు. ఒక వరస మీద ఇంకో వరస అడ్డంగా దాటితే చిక్కటి చీకటి. ఆయన అభిమానించిన అమెరికా చిత్రకారుడు ఫ్రాంక్లిన్ బూత్ పాతకాలపు చెక్కుడు అచ్చుబొమ్మలు చూసి పెన్ను పట్టడం నేర్చుకున్నవాడు. ఆ చెక్కుడు ఓపిక అల్కాలాకూ అబ్బింది. 1963లో సృష్టించిన యోధుడు వోల్టార్ పేజీల్లో అది పూర్తిగా విచ్చుకుంది.

డెబ్బైల్లో అమెరికా ప్రచురణకర్తలు ఫిలిప్పీన్స్ చిత్రకారులకు తలుపులు తెరిచారు. 1976లో అల్కాలా అక్కడికే వెళ్లి స్థిరపడ్డారు. కత్తివీరుడు కోనన్ కథల పత్రిక 'సావేజ్ సోర్డ్ ఆఫ్ కోనన్' నలుపు తెలుపుల్లో రావడంతో ఆయన ఇంకుకు రంగుల ముసుగు పడలేదు. అందులో అమెరికా చిత్రకారుడు జాన్ బుసెమా గీసిన పెన్సిల్ బొమ్మల మీద అల్కాలా ఇంకు దిద్దారు. తన పెన్సిల్ పని కనబడకుండా పోతోందని బుసెమా నొచ్చుకున్నారు. ఆయన బాధ అర్థమవుతుంది, కానీ పాఠకుడిగా నా ఓటు అల్కాలాకే. కోనన్ నడిచే లోకానికి తేమ, దుమ్ము, వయసు ఇచ్చింది ఆ ఇంకే.

అల్కాలా 2000లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆయన ఇంకు దిద్దిన పేజీల్లో ఒకటి మీ చేతికొస్తే వీరుడి ముఖం దగ్గరే ఆగిపోకండి. అతని వెనకున్న గోడను ఒక్క నిమిషం చూడండి.