అడ్డం పడని పార్టు

ఆటోనగర్‌లో ఈ వారం నాకు ఒళ్లు మండించిన మాట ఇది: "రన్నింగులో ఫ్రీ అయిపోద్ది సార్." ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత శత్రువులు తెలుసు. సుత్తి, ఆకురాయి, ఆ తర్వాత ఈ మాట.

బావగారి అంబాసిడర్ ఇంజన్ విప్పించాం. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్, బ్రిటిష్ సంతానం, కొలతలన్నీ ఇంచిల్లోనే. బోరు కొట్టించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, కొత్త మెయిన్ బేరింగులు వేసి క్యాపులు బిగిస్తే క్రాంకు కదలదే! రాడ్డు వేసి తిప్పబోతూ కుర్రాడన్న మాట అది.

కొత్త రింగులు బోరుకి రాసుకుని సర్దుకుంటాయి, నిజమే. బేరింగు అలా సర్దుకోదు. షాఫ్టుకీ బేరింగు షెల్లుకీ మధ్య ఒకటి రెండు థౌ, అంటే ఇంచిలో వెయ్యోవంతు ఒకటో రెండో, ఖాళీ ఉండాలి. ఆయిల్ పొర నిలిచేది అక్కడే. అది లేకుండా తిప్పితే షెల్లు షాఫ్టుకి అంటుకుపోతుంది.

ఇలాంటప్పుడు మా పెదమేస్త్రి గుర్తొస్తాడు (ఆయన గురించి ఇదివరకూ రాశాను, మళ్లీ రాస్తాను). క్రాంకు పట్టేస్తే ఆయన ఎవర్నీ బలం చూపించనిచ్చేవాడు కాదు. మూడు క్యాపులూ వదులు చేయించేవాడు. ఒకటి బిగించి చేత్తో తిప్పడం, దాన్ని వదిలి రెండోది, ఆపైన మూడోది. ఏది బిగిస్తే ఆగిందో దొంగ అక్కడే. అప్పుడు మొదలయ్యేది విచారణ. షెల్లు వెనక ఇసుక రేణువు ఉందా? క్యాపు తిరగేసి పెట్టారా? వేరే ఇంజన్ క్యాపు వచ్చి కలిసిందా? బ్లాకుతో కలిపి బోరు చేసిన క్యాపు ఇంకో బ్లాకుకి కుదరదు, దాని మీద నంబరు కొట్టేది అందుకే. పట్టేసింది మధ్య క్యాపు దగ్గరైతే థ్రస్ట్ వాషర్లు మందమయ్యాయా? మైక్రోమీటర్ బయటికొచ్చేది ఇవన్నీ తేలాకే.

అలాగే చేయించాను. మూడు చోట్లా పట్టేసింది. మూడు చోట్లా ఒకేసారి ఇసుక పడదు కదా! క్రాంకు గ్రైండ్ చేసింది 10కి, అంటే 10 థౌ తగ్గించి. బేరింగుల డబ్బా మీదా 10 అనే ఉంది. షెల్లు తిప్పి చూస్తే వెనక 020, అంటే 20 థౌ తగ్గించిన క్రాంకుకి వేసే మందం షెల్లు.

పార్టుల షాపుల మీద నా దండకం మీకు కంఠతా వచ్చు. ఈసారి కౌంటరు దగ్గరే చదివి, మార్చుకుని బయటికొచ్చాను. దారిలో వేరే భయం పట్టుకుంది. ఇదే తారుమారై, 20కి గ్రైండ్ చేసిన క్రాంకుకి 10 షెల్లు వచ్చి ఉంటే? క్యాపులు బుద్ధిగా కూర్చునేవి, క్రాంకు వెన్నలా తిరిగేది, అందరం టీ తాగి సంబరపడేవాళ్లం. ఇంజన్ వేడెక్కి, ఆయిల్ ప్రెషర్ పడిపోయి, కింద టకటక మొదలయ్యేదాకా ఎవరికీ పట్టేది కాదు. రింగుల సంగతీ అంతే. 40 ఓవర్ సైజు పిస్టన్ గాడిలో స్టాండర్డ్ రింగు చక్కగా దూరుతుంది, బోరులోకీ దిగుతుంది. కానీ బోరు 40 థౌ పెరిగితే చుట్టుకొలత 125 థౌ పెరుగుతుంది. రింగు నోరు మూడు మిల్లీమీటర్లు అదనంగా తెరుచుకుంటుంది. నీలిపొగ వచ్చేది రోడ్డెక్కాక. ఇన్నాళ్లూ కుదరని పార్టుల్నే తిట్టుకుంటూ వచ్చాను గానీ, అవి షెడ్డులోనే గొడవ చేసి మనల్ని ఆపుతాయి. ఇప్పుడు నా అనుమానమంతా కిమ్మనకుండా కూర్చునేవాటి మీదే.

షెడ్డుకి వచ్చేసరికి కుర్రాడు ఆకురాయితో రింగు కొస రుద్దుతున్నాడు. నోరు తెరవబోయి ఆగాను. రింగుని బోరులోకి దింపి, పిస్టన్ని బోర్లించి సమంగా నెట్టి, ఫీలర్ గేజు పెట్టి చూస్తున్నాడు. ఎనిమిదే వచ్చిందట, పన్నెండు కావాలట. ఇంచి బోరుకి నాలుగు థౌ చొప్పున, మూడించిలకి కాస్త తక్కువున్న ఆ బోరుకి సరైన లెక్కే. ఖాళీ చాలకపోతే వేడికి కొసలు ఢీకొని రింగు విరుగుతుంది. ఆకురాయి మీద కేసు కొట్టేస్తున్నాను.

లేత్ షాపు బిల్లులో మాత్రం ఒక్క సైజూ లేదు. వెనక్కి పంపి బోరు 40, మెయిన్లు 10 అని రాయించి, ఆర్సీతో పాటు దాచమన్నాను. బావగారికి నచ్చలేదు. "40 అని రాసి ఉంటే ఇక మిగిలింది స్లీవులేనని కొనేవాడికి తెలిసిపోదూ?" అన్నారు. బండి అమ్మే ఆలోచనలో ఉన్నారని నాకు అప్పటిదాకా చెప్పనే లేదు.