తప్పు నొక్కి చూడండి

పిల్లల యాప్‌ని పిల్లలు ఎంచుకోరు. రాత్రి పదింటికి, పిల్ల పడుకున్నాక, మంచం మీద వాలి ఫోన్ తిప్పుతున్న తల్లో తండ్రో ఎంచుకుంటారు. ఆ సంగతి యాప్ చేసేవాళ్లకి మనకన్నా బాగా తెలుసు. అందుకే ప్లే స్టోర్‌లో ఆ పేజీ మీద రాతంతా మన కోసమే ఉంటుంది: మెదడు వికాసం, జ్ఞాపకశక్తి, ఐదేళ్లలోపే గట్టి పునాది, నిపుణుల పర్యవేక్షణ. బొమ్మలు మాత్రం పిల్లలకి. నాలుగున్నరేళ్ల పిల్ల ఉన్న ఇల్లు మాది, కాబట్టి నేనూ ఆ పేజీలు బాగానే చదివాను.

ఇప్పుడు చదవడం తగ్గించి వేరే పని చేస్తున్నాను. కొత్త యాప్ ఏదైనా దించుకుంటే ముందు నేనే కూర్చుని వరసగా తప్పులు నొక్కుతాను. ‘ఏనుగు ఎక్కడ?’ అంటే కోతిని నొక్కుతాను. ‘మూడు మామిడిపళ్లు బుట్టలో వెయ్యి’ అంటే ఐదు వేస్తాను. సరైన జవాబుకి చప్పట్లు, బెలూన్లు, నక్షత్రాలు ఏ యాప్‌లోనైనా ఒకటే, అక్కడ తెలిసేదేమీ లేదు. తప్పు చేసినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే, దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడైనా చిన్నపిల్లల పక్కన కూర్చున్నారో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

కొన్ని యాప్‌లు తప్పుని అసలు పట్టించుకోవు. నాలుగు బొమ్మల్లో మూడు నొక్కాక మిగిలేది ఎలాగూ సరైనదే, వెంటనే చప్పట్లు. ఆలోచించక్కర్లేదు, ఎడమ నుంచి కుడికి నొక్కుకుంటూ పోతే చాలని పిల్లలు తొందరగానే కనిపెట్టేస్తారు. ఇంకొన్ని తప్పుకి బుర్రుమని ఒక వింత చప్పుడు చేస్తాయి, తెర మీద కప్ప వెల్లకిలా పడుతుంది. ఆ కప్ప కోసం మా ఇంట్లో సాయంత్రమంతా గడిచిపోయింది. “అమ్మా, చూడు చూడు, మళ్లీ తప్పు చేస్తా!” అని పిలిచి మరీ చూపించింది మా అమ్మాయి. పదిలోపు అంకెలన్నీ దానికి వచ్చు. వచ్చు గనకే అంత గురిగా తప్పు నొక్కగలిగింది.

బుట్టలో ఐదు పళ్లు వేస్తే, వాటిని మనతోపాటు ఒక్కొక్కటే లెక్కపెట్టి, ‘రెండు ఎక్కువయ్యాయి, తీసెయ్’ అనే యాప్ కూడా ఉంటుంది. వెతగ్గా వెతగ్గా దొరుకుతుంది.

అసలు మనకి కావలసింది ఏమిటో ఒకసారి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. కుక్కర్ మూడు కూతలు పెట్టేదాకా ఎవరూ కొంగు పట్టుకుని లాగకూడదు. ఆఫీసు మీటింగ్‌లో మనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు వెనక నుంచి ఏడుపు వినపడకూడదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా అమ్మకి ఆ ఇరవై నిమిషాలూ పక్కింటి పిన్నిగారి దగ్గరో, వీధి అరుగు మీదో దొరికేవి. మూడో అంతస్తులో తలుపేసుకుని ఉండే మాకు ఫోన్ దగ్గర దొరుకుతున్నాయి. కాకపోతే కార్టూన్ పెడితే మనసు పీకుతుంది. ‘లెర్నింగ్’ అని రాసి ఉన్నది పెడితే పీకదు. నెలనెలా చందా కట్టేది ఆ నెమ్మదికే.

ఈ లెక్కలో నన్నడిగితే మంచి కార్టూనే నయం. పదిహేను నిమిషాల కార్టూన్ పదిహేను నిమిషాలకి అయిపోతుంది, ‘అయిపోయిందమ్మా’ అని తీసుకోవచ్చు. యాప్ అయిపోదు. ఒక మెట్టు దాటగానే ఇంకో మెట్టు తెరుచుకుంటుంది, ఇంకో స్టిక్కర్ ఊరిస్తుంది. అక్కడ లాక్కుంటే ఏడుపు ఖాయం.

ఇక అక్షరాలు దిద్దించే యాప్‌లు. తెలుగులో పిల్లల యాప్ అని వెతికితే ముందు తగిలేవి ఇవే. తెర మీద లావుపాటి ‘అ’, దాని కడుపులో చుక్కలు. వేలు పెట్టి లాగితే రంగు నిండుతుంది. వేలు పక్కకి పోతే రంగు ఆగుతుంది, లోపలికి వస్తే మళ్లీ సాగుతుంది, గాడిలో గోళీ దొర్లినట్టు. ఎక్కడ మొదలుపెట్టినా సరేనంటుంది. చివర్న మామూలే, చప్పట్లు. మా అమ్మాయి ‘అ’ నుంచి ‘అః’ దాకా అలా గబగబా నింపేసింది. అత్తయ్య చూసి మురిసిపోయారు. ఊరి నుంచి తెచ్చిన పలక తీసి, బలపం చేతికిచ్చి, “ఏదీ తల్లీ, ‘అ’ రాయి” అన్నారు. పిల్ల పలకని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నానమ్మా, చుక్కలేవీ?”

దీని మీద ఒక చిన్న పరిశోధన ఉంది. 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ బృందం, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలు కొద్దిమందిని తీసుకుని, కొన్ని అక్షరాలు సొంతంగా చేత్తో రాయించింది, కొన్ని గీతల మీద దిద్దించింది, కొన్ని కీబోర్డు మీద నొక్కించింది. తర్వాత స్కానర్‌లో పడుకోబెట్టి ఆ అక్షరాలే చూపించింది. చదువుకున్న పెద్దవాళ్లకి చదివేటప్పుడు మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో, అవి సొంతంగా రాసిన అక్షరాలకే మేల్కొన్నాయి. దిద్దిన అక్షరాలకి మేల్కోలేదు, నొక్కిన వాటికీ లేదు. పిల్ల చేతి నుంచి వచ్చే వంకరటింకర అక్షరం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఇన్ని రకాలుగా ఉన్నా ఇవన్నీ ఒకటే అక్షరం అని మెదడుకి తెలియడానికి ఆ వంకరే కారణం కావచ్చని వాళ్లు అనుకున్నారు. ఏ చేయి పెట్టినా అదే అచ్చు అక్షరం తేలే తెర మీద ఆ వంకరకి చోటెక్కడ?

నిజానికి చుక్కలు యాప్‌లు కనిపెట్టినవి కావు. కాన్వెంటు కాపీ పుస్తకాల్లో ఉన్నాయి. బళ్లో పంతులుగారు రాసిచ్చిన అక్షరం మీద దిద్దడమూ ఆ కోవలోదే. అయితే పలక మీద చేయి తప్పితే పక్కన ఇంకో గీత పడుతుంది, తుడిచేదాకా కళ్లెదుటే ఉంటుంది. బలపం గరుకు వేళ్లకి తెలుస్తుంది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధం మూలాన ఏళ్లతరబడి ఇక్కడే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి వాటి మీద పిల్లల వేళ్లు నడిపించేది. అక్షరాభ్యాసం నాడు మనం రాయించేదీ పళ్లెంలో బియ్యం మీదే కదా. ఫోన్ అద్దం మీద ‘అ’ అయినా ‘క్ష’ అయినా వేలికి ఒకటే నునుపు.

తెలుగు యాప్‌లది ఇంకో గోడు. చాలావాటిని చూస్తే ఇంగ్లీషు అక్షరాల యాప్‌లో బొమ్మలు తీసి మన అక్షరాలు పెట్టారని తెలిసిపోతుంది. ‘ఆ’ దగ్గర ఆపిల్ ఉంటుంది. ‘ణ’తో మొదలయ్యే మాట దొరకదు గనక ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, వీణనో బాణాన్నో చూపించవచ్చని తోచదు. చదివే గొంతు కంప్యూటర్‌ది. ‘నీల్లు’ అని పలికే ఆ గొంతు దగ్గర పిల్లలు ‘ళ’ నేర్చుకోవాలి.

నాకు కోపం రాదు గానీ ఉసూరుమనిపిస్తుంది. ఎందుకంటే మన లిపికి తెర నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, దాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్లు నాకు కనపడలేదు. అదే గుణింతం. ‘క’ మీద తలకట్టు లేచిపోయి గుడి వచ్చి వాలితే ‘కి’. ఆ గుడి కొస మెలిక తిరిగితే ‘కీ’. ఆకారం కదులుతుండగానే శబ్దం సాగడం పలక మీద చూపించలేం, పుస్తకంలో చూపించలేం, తెర మీద చూపించవచ్చు. ఒత్తులైతే ఇంకా సరదా. అక్క, అత్త, అవ్వ అని అక్షరమూ కింద ఒత్తూ మారుస్తుంటే మాట మారిపోవడం చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు. చప్పట్లు అక్కర్లేదు.

ఉచితం అన్న మాట దగ్గరికి వద్దాం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పిల్లల డాక్టరు జెన్నీ రాడెస్కీ బృందం ఐదేళ్లలోపు పిల్లలు వాడే 135 యాప్‌లు పరిశీలించి 2018లో ఫలితం ప్రకటించింది. వాటిలో 95 శాతంలో ఏదో ఒక రూపంలో ప్రకటనలున్నాయి. మధ్యలో వచ్చే వీడియోలే కాదు, తాళం వేసిన బొమ్మలు మెరిసి ఊరించడం, ఆటలోని పాత్రే ‘ఇది కొనుక్కో’ అనడం కూడా ఆ లెక్కలోవే. ఆడుకునే ఎలుగుబంటి ఏదో, అమ్మడానికి వచ్చిన ఎలుగుబంటి ఏదో నాలుగేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది? డబ్బు కట్టే తలుపు దగ్గర మాత్రం పెద్దవాళ్లు వచ్చారో లేదో చూడ్డానికి ఏడెనిమిదులు ఎంత అని అడుగుతారు. కొన్ని యాప్‌లలో లెక్క అంటూ ఉన్న చోటు అదొక్కటే.

2014లో ఆపిల్ కంపెనీ, పిల్లలు పెద్దల అనుమతి లేకుండా యాప్‌లలో కొనేసిన వాటికి కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మన దగ్గర ఎక్కువగా తగిలే తంటా ‘ఏడు రోజులు ఉచితం’. ఎనిమిదో రోజు ఆటోపే. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు, ప్లే స్టోర్‌లో చందాల పేజీకి వెళ్లి విడిగా ఆపాలి. ‘రేపు ఇంత కట్ అవుతుంది’ అని బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన వల్ల వస్తోంది. దాన్ని చూడకుండా చెరిపెయ్యకండి. పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్ల కదలికలు గమనిస్తూ ప్రకటనలు గురిపెట్టకూడదని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. మాట బాగానే ఉంది. అనుమతి గడిలో టిక్కు పెట్టింది తల్లో పిల్లో చెప్పడం మాత్రం కష్టం.

అన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. ఖాన్ అకాడమీ కిడ్స్‌లో ప్రకటనలు లేవు, కొనమనడం లేదు. ఇంగ్లీషు, లెక్కలు నెమ్మదిగా సాగుతాయి. అందులో ఎలుగుబంటి పేరు కోడి. ఎలుగుబంటిని కోడి అంటారేమిటని మా ఇంట్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదవచ్చు, దించుకోవచ్చు. అది 2015 నుంచి ఉంది, కథ ఎవరైనా అనువదించి పెట్టవచ్చు గనక మంచీ చెడ్డా కలిసి ఉంటాయి, ముందు మనం చదివి ఏరుకోవాలి. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో మొదలుపెట్టి తర్వాత రీడ్ అలాంగ్ అని మార్చిన యాప్ పిల్లలు పైకి చదువుతుంటే వింటుంది. దానికి తెలుగు వచ్చు. పిల్ల నోరు తెరిచి చదవాల్సిన యాప్ కాబట్టి నాకది నచ్చింది.

ఇంతకీ ఏ యాప్ అయినా బాగా పనిచేసేది పెద్దవాళ్లు పక్కన కూర్చున్నప్పుడే. మనం లేచి వెళ్లడానికే గదా దాన్ని పెట్టింది! చిక్కంతా ఇక్కడే ఉంది. పరిశోధకురాలు ప్యాట్రిషియా కుల్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికా పసివాళ్లకి చైనా భాష ఎదురుగా కూర్చున్న మనిషి వినిపిస్తే ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో వినిపిస్తే ఏమీ అంటలేదు. 2014లో వచ్చిన మరో పరిశోధనలో, వీడియో కాల్‌లో తమతో మాట్లాడిన మనిషి దగ్గర రెండేళ్లు దాటిన పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో ముందు నేర్చుకోలేదు. రెండేళ్లలోపు పిల్లలకి తెర వద్దనే భారత పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కొడుక్కి ఒంట్లు తెలుగులో నేర్పింది తెనాలి నుంచి మా అమ్మ, వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఒక్కో కాయా కెమెరాకి చూపిస్తూ.

రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదని వైద్యులంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ అదే. మేము అరగంట అనుకున్నాం, అది కూడా అత్తయ్య పక్కన ఉన్నప్పుడు. మొన్న ఇద్దరూ కలిసి రీడ్ అలాంగ్‌లో ఒక కథ చదివారు, ఒక వాక్యం పిల్ల, ఒక వాక్యం నానమ్మ. పిల్ల కూడబలుక్కుని చదివినది యాప్ బాగానే గుర్తుపట్టింది. అత్తయ్య గుడివాడ పలుకుబడిలో గడగడా చదివిన మాట ఒకటి మాత్రం ఎంతకీ ఒప్పుకోలేదు. “అలా కాదు నానమ్మా, నెమ్మదిగా, విడివిడిగా” అని పిల్ల మాట మాటా చెప్పించింది. అత్తయ్య రెండోసారి కూడా తన పద్ధతిలోనే చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

“నా తెలుగు దానికి అర్థం కాకపోతే అదే నేర్చుకోవాలి గానీ, నేనేం నేర్చుకుంటానే ఈ వయసులో? నువ్వు చదువు.”