ఒంటికి కళాయి

నా తెల్ల చొక్కా కాలరు మీద ఒక మరక ఉంది. చెమటది కాదు, కూరదీ కాదు. తుప్పుకీ నారింజకీ మధ్య ఏదో రంగు. ఉతికినకొద్దీ ముదురుతోంది. అది నేను మెడకు రాసుకునే సన్‌స్క్రీన్ నిర్వాకమని కనిపెట్టడానికి నాకు వారం పట్టింది. అందులో మా బోరు నీళ్లకూ వాటా ఉందని తెలియడానికి ఇంకో వారం. చొక్కా పోతే పోయింది. ఆ మరక పుణ్యమా అని, రోజూ పామేసుకుని మర్చిపోయే ఒక సరుకును తీరిగ్గా చేతిలోకి తీసుకుని చూశాను. మన ఊళ్లలో దానికి దగ్గరి చుట్టం ఎవరా అని ఆలోచిస్తే కళాయి పెట్టేవాడు గుర్తొచ్చాడు.

ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టడం చూసినవాళ్లకు తెలుసు. గిన్నె బాగా కాలాలి. నవసాగరం పొడి చల్లితే తెల్లగా పొగ లేవాలి. తగరం ముక్క అలా తాకించి దూదితో గిర్రున ఒక తిప్పు తిప్పితే లోపలంతా వెన్నెల పరుచుకుంటుంది. ఆ పొర ఎంత పల్చనో ఎవరూ కొలవరు. ఎక్కడైనా గోరంత చోటు తప్పిపోయిందో, చింతపండు పులుసు సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది, చిలుమెక్కిస్తుంది. పొర ఎక్కడా తెగకుండా పరవడమే ఆ విద్యంతా. సన్‌స్క్రీన్ చేసేవాళ్లు పడే పాటూ అదే. కాకపోతే వాళ్ల గిన్నె నవ్వుతుంది, ముడుచుకుంటుంది, చెమట పడుతుంది.

పొర మందం సంగతి చూడండి. ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు మనుషుల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. అంటే పూసిన క్షణాన ఆ పొర మందం మిల్లీమీటరులో దాదాపు యాభయ్యో వంతు. అందులో నీరు ఆరిపోయాక ఇంకా పల్చన. ఆ తర్వాత దీపంతో కృత్రిమ ఎండ తగిలించి, పూయని చోటు ఎంత మోతాదుకు ఎర్రబడింది, పూసిన చోటు ఎంతకు ఎర్రబడింది అని మర్నాడు చూస్తారు. రెండోది మొదటిదానికి 30 రెట్లయితే ఎస్‌పీఎఫ్ 30. మర్నాటిదాకా ఆగడం ఎందుకంటే, ఎండకు కమిలిన చర్మం ఆ సంగతి వెంటనే చెప్పదు.

తెలుగులో ఎండ దెబ్బ అనగానే అందరికీ వడదెబ్బే తోస్తుంది. అది వేడి చేసే పని. ఒళ్లు కమలడం అతినీలలోహిత కిరణాల పని, దానికి ఉక్కపోత అక్కర్లేదు. విశాఖ బీచిలో పైన పల్చని మబ్బు, ఎదురుగా చల్లని గాలి. రెండు గంటలు హాయిగా కూర్చుని వస్తాం, రాత్రి పక్క మీద వాలితే భుజాలు భగ్గుమంటాయి.

ఇక సీసాలోకి. నూనె, నీరు, ఆ రెండూ పోట్లాడుకోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్, కిరణాలను మింగే పదార్థాలు. నూనె వంతునీ నీటి వంతునీ విడివిడిగా 70, 80 డిగ్రీల దాకా కాచి, కలిపి, మహా వేగంగా చిలుకుతారు. మనం ఇంట్లో చిలికేది వెన్న విడిపోవాలని. వాళ్లు చిలికేది ఏదీ ఎన్నటికీ విడిపోకూడదని. విడిపోలేదని నమ్మకం కుదరడానికి 40, 45 డిగ్రీల వేడిలో నెలల తరబడి ఉంచుతారు, గడ్డకట్టించి మళ్లీ కరిగిస్తారు. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఎండన ఆపిన కారు అంతకంటే కఠినమైన పరీక్ష. అందులో మాత్రం వదలకండి.

చేతి వెనక ఒక చుక్క పెట్టి చూశాను. గారెల పిండిలా నిలబడింది, చెయ్యి వంచినా కదల్లేదు. వేలితో రాయగానే పల్చబడి పారింది. వేలు తీయగానే ఉన్నచోటే మళ్లీ చిక్కబడి ఆగింది. ఇది పనిగట్టుకుని పెట్టిన గుణం. భూతద్దంలోంచి చూస్తే చర్మం వేసవిలో ఎండిన చెరువులా ఉంటుంది, అంతా బీటలూ దిబ్బలూ. ఊరికే నీళ్లలా పారేదైతే మొత్తం బీటల్లోకి దిగిపోతుంది, దిబ్బలు బోసిపోతాయి. పొరలో పదో వంతు చోటు బోసిగా మిగిలిందనుకోండి, మిగతా తొమ్మిది వంతుల్లో ఎంత గొప్ప సరుకున్నా మొత్తం రక్షణ 10 దాటదు. అట్ట మీద 50 అనీ, 70 అనీ ఉంటే ఉండనివ్వండి, లెక్క ఇంతే. అంకెలను చూసి కొనేవాళ్లు ఈ పరిచే పనికి దక్కాల్సిన మెప్పు దక్కనివ్వడం లేదని నా ఫిర్యాదు.

ఇప్పుడు నా కాలరు మీదికి వద్దాం. ఆవోబెంజోన్ అని ఒక పదార్థం. చర్మంలో లోతుగా దిగే యూవీఏ కిరణాలను పట్టడంలో దిట్ట. కిరణాన్ని మింగడం, దాన్ని వేడిగా వదిలేయడం, ఎప్పటిలా అయి మరో కిరణానికి సిద్ధపడడం. కంటికి రెప్పపాటు కూడా పట్టని ఈ పని అది అదేపనిగా చేస్తుంది. అయితే ఎండలో ఉండగా ఉండగా అదే విరిగిపోతుంది. కాపలావాడే దొంగకు జడిస్తే ఎలా? అందుకని పక్కన ఆక్టోక్రిలీన్‌ను నిలబెడతారు. ఆవోబెంజోన్ మింగిన శక్తిని అది అందుకుని దించేస్తుంది, పల్లకీ మోసే బోయీలు భుజం మార్చుకున్నట్టు. ఆవోబెంజోన్‌కు మరో గుణం కూడా ఉంది. ఇనుము తగిలితే దాన్ని పట్టుకుని రంగు తిరుగుతుంది. మా బోరు నీళ్లలో ఇనుముంది.

జింక్ ఆక్సైడ్‌ది వేరే కథ. అది అద్దంలా కిరణాలను తిప్పికొడుతుందని ఎక్కువమంది అనుకుంటారు. నిజానికి అతినీలలోహితంలో అదీ మింగేదే ఎక్కువ, తిప్పికొట్టేది కొంచెం. అది గట్టిగా చెదరగొట్టేది మన కంటికి కనిపించే వెలుగును, అదీ రేణువు పెద్దదైతే. ముఖం తెల్లగా పాలిపోవడం అందుకే. తెల్లదొరల ఒంటి మీద అది ఆనకపోవచ్చు గానీ మన ఒంటి మీద విభూతి పూసుకున్నట్టే. రేణువును మిల్లీమీటరులో పదివేలో వంతుకంటే చిన్నగా చేస్తే ఆ తెలుపు తగ్గుతుంది. అంత చిన్నవి అయ్యేసరికి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకట్టడం మొదలెడతాయి, కలపకుండా వదిలిన ఉప్మా రవ్వలాగ. ఉండకట్టాయంటే మళ్లీ తెలుపే, పైగా పొరలో చిల్లులు. దీనికి వాళ్లు వేసిన ఎత్తు చూసి నేను కాసేపు ఊరికే కూర్చుండిపోయాను: ఒక్కో రేణువుకూ విడివిడిగా సిలికాతోనో సిలికోన్‌తోనో తొడుగు తొడుగుతారు. పూతలో వేసే రేణువుకే ఒక పూత! కళాయి పెట్టేవాడికి ఈ మాట చెబితే దండం పెట్టేవాడు.

తెలుపు పోగొట్టడానికి ఇంకో ఉపాయం ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు కలిపి మన చామనచాయకు తేవడం. దీంతో వచ్చిన లాభం రంగును మించింది. మంగు ఉన్నవాళ్లకు అతినీలలోహితంతోపాటు మామూలు వెలుగు కూడా, ముఖ్యంగా అందులోని నీలం వంతు, మచ్చలను ముదరబెడుతుంది. ఆ వెలుగును ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. నా చొక్కాను చెడగొట్టిన ఇనుమే ఇంకెవరిదో బుగ్గను కాస్తోంది.

ఇదంతా ఒక్క రోజులో వచ్చింది కాదు. ఫ్రాంజ్ గ్రైటర్ అనే రసాయన శాస్త్ర విద్యార్థి 1938లో ఆల్ప్స్‌లో పిజ్ బుయిన్ శిఖరం ఎక్కుతూ ఒళ్లు కమిలిపోయి, ఆ కసి మీద పనిచేసి 1946లో ఒక క్రీము తెచ్చాడు. ఈనాటి కొలతలో దాని ఎస్‌పీఎఫ్ ఓ 2 ఉంటుందంటారు. సగం ఎండను లోపలికి వదిలే గొడుగన్నమాట.

మిరపకాయల కోతకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకూ చెవులకూ కలిపి తువ్వాలు చుట్టుకుంటారు. ఆ చొక్కా చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనక్కర్లేదు, ఎక్కడ తప్పిపోయిందో కంటికి కనిపిస్తుంది. ఇంత కెమిస్ట్రీ చేసి సీసాలో పట్టాలని చూస్తున్నది ఆ చొక్కానే, బరువు లేకుండా, కనపడకుండా. ఇప్పటికీ చొక్కాదే పైచెయ్యి. చొక్కా కప్పలేని ముఖం, మెడ, చేతుల వెనక భాగం మాత్రం సీసా పాలు.

అక్కడ ఆఖరి కళాయివాళ్లం మనమే. కార్ఖానాలో ఎంత నాజూకుగా చేసినా పరిచేది మన వేళ్లే, మనలో చాలామంది పరిచేది పరీక్షలో పూసినదాంట్లో సగమో పావో. చూపుడువేలు, నడిమివేలు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు గీతలు తీయండి. ముఖానికీ మెడకూ అంత పడుతుంది. ఒక్కసారే ఎక్కువనిపిస్తే ఒక గీత రాసి, అది ఆరాక రెండోది రాయండి. చెవులు మర్చిపోకండి. ఆ లెక్కన రోజుకొక్కసారి రాసినా 50 గ్రాముల ట్యూబు నలభై రోజులకు మించి రాదు. మీ ఇంట్లో ఉన్నది ఎప్పుడు కొన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.