పెరుగు కప్పులో పెరిగిన వేళ్ళు

మొక్క అందమంతా పువ్వులోనే ఉందనేవాళ్ళతో నాకు పేచీ లేదు. కాకపోతే వాళ్ళెప్పుడూ టమాటా నారును చిన్న కప్పులోంచి పెద్ద కుండీలోకి మార్చి ఉండరని నా అనుమానం.

గింజ వేసి నెల తిరిగేసరికి మొదట విచ్చిన రెండు బీజదళాలు పసుపు తిరుగుతాయి. వాటిపైన అంచులు చీలిన అసలు ఆకులు నాలుగైదు లేస్తాయి. ఊదా ఛాయ తిరిగిన కాండం నిండా నూగు. సాయంత్రపు ఎండ అడ్డంగా పడితే ఆ నూగంతా వెలుగుతుంది. వేలు తగిలిందా, గుప్పున ఘాటు వాసన! పండిన టమాటాలో ఎంత వెతికినా దొరకదది, ఆ నూగులోని గ్రంథుల సొత్తు. చేతికంటిన జిగురును సబ్బుతో కడిగితే నురగ కూడా పచ్చగా దిగుతుంది.

ఇదంతా పైపై అలంకారమే. అసలు రసం కింద ఉంది.

కాసేపటి ముందే నీళ్ళు పోసి ఉంచిన పెరుగు కప్పును, కాండం చేతివేళ్ళ సందున నిలిపి, తలకిందులు చేసి అడుగున తట్టండి. మట్టిముద్ద చల్లగా అరచేతిలోకి జారుతుంది. కొబ్బరిపొట్టు గోధుమరంగు మీద తెల్లటి వేళ్ళు! కప్పు గోడ తగిలిన చోటల్లా మలుపు తిరిగి, అడుగుకు చేరి, చుట్టలు చుట్టుకుని ఉంటాయి. కప్పు అడుగున అచ్చుపోసిన గీతలు ముద్ద మీద దిగి ఉంటాయి, ఆ గీతల వెంబడే వేళ్ళు పాకి ఉంటాయి. ఏ చిత్రకారుడూ ఇంత నిబ్బరమైన గీత గీయలేదంటే అతిశయోక్తి అనుకోకండి. చోటు చాలకపోవడమే ఇక్కడ శిల్పమైంది. కళ్ళకు ఎంత ఆశ ఉన్నా ఎక్కువసేపు చూడకూడదు. నీరు పీల్చే మూలకేశాలు గాలికి ఇట్టే ఎండిపోతాయి. అద్భుతరసానికి ఇంత పిసినారి ప్రదర్శన మరోటి లేదు.

తర్వాతది 12 అంగుళాల కుండీ: మట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. టమాటాను బీజదళాల దాకా పూడ్చేయాలి. దక్షిణ అమెరికా పడమటి కొండల దాపున నేల మీద పాకిన జాతి ఇది. కాండానికి తడిమట్టి తగిలిన చోటల్లా కొత్త వేళ్ళు వేసే విద్య ఆనాటిదే. వంగకు, మిరపకు అంత లోతు అక్కర్లేదు, కప్పులో ఎంత లోతున ఉన్నాయో అంతే చాలు. అందుకే ఈ కళలో టమాటాకే నా మొదటి తాంబూలం.

మర్నాడు ఎండకు ఆకులు తల వేలాడేస్తాయి. ఆ దృశ్యం చూసి కంగారుపడి నీళ్ళు దిమ్మరించేవాళ్ళే ఎక్కువ. కాస్త నీడ, కాస్త ఓపిక ఉంటే చాలు. నాటిన నారు వేళ్ళూని తేరుకుంటే నాట్లు మూన తిరిగాయని వరి రైతులంటారే, ఆ మాటకు అర్థం కుండీలోనూ కళ్ళబడుతుంది: చిటారు ఆకు ముందుగా లేస్తుంది.

నర్సరీ నారు తెచ్చి నాటినా కాయలు కాస్తాయి, కాదనను. ఈ వేళ్ళ వైభవం మాత్రం గింజ నుంచి పెంచినవాళ్ళకే పూర్తిగా దక్కుతుంది. ఒక్క మాట: దోస, బీర, సొరలతో ఈ ముచ్చట పెట్టుకోకండి. వేళ్ళు కదిలితే అవి ఓర్చుకోవు, వాటి గింజలు నేరుగా పెద్ద కుండీలోనే పెట్టండి.