క్యాబినెట్‌తో పాటు వచ్చేది
(ముందుమాట)

మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్ కొనేవాళ్లు ప్రాసెసర్ ఏదని అడుగుతారు, ర్యామ్ ఎంతని అడుగుతారు. క్యాబినెట్ దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి సరేనంటారు. దానిలోనే బిగించి వచ్చే ఎస్‌ఎంపీఎస్ ఊసు ఎవరూ ఎత్తరు. ఊరికే వచ్చిందే కదా అనుకుంటారు. సిస్టమ్ మొత్తానికి కరెంటు పంచేది ఆ డబ్బానే. దాన్ని ఎలా చూసి కొనాలో చెప్పే పుస్తకం తెలుగులో రావాలని ఎంతోకాలంగా కోరుకున్నాను. జూనియర్ కాలేజీలో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్న శిష్యుడే అది రాసి తెచ్చాడు. ఈ వయసులో నాకు ఇంతకన్నా ఏం కావాలి?

రచయితది సూర్యాపేటలో రిపేరు షాపు. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా సిస్టమ్‌లు అతని బల్ల మీదికి వస్తాయి. అందుకే ఇందులో ప్రతి పేజీలోనూ మన ఎండ, మన దుమ్ము, మన కరెంటు తగులుతాయి. రైస్ మిల్లు ఆఫీసులో నడిచే సిస్టమ్‌లో ఊక దుమ్ము హీట్‌సింకు రెక్కల మధ్య మందంగా పట్టేస్తుంది. మే నెలలో సూర్యాపేట రేకుల షెడ్డులో డీటీపీ చేసేవాళ్ల గది ఎంత ఉడుకుతుందో వేరే చెప్పాలా? మిడ్ టవర్ క్యాబినెట్‌లో 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పున్న ఏటీఎక్స్ బోర్డు పడుతుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన కొలత అది. ఇంత వేడిలో, దుమ్ములో బోర్డు పట్టడం ఒక్కటే చాలదంటాడు రచయిత. ముందు పలకకు జాలీ ఉందా, లేక అద్దంతో మూసేశారా? దుమ్ము జల్లెడ చేత్తో లాగి కడుక్కునేలా ఉందా? పక్క రేకును బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోందా? షాపులో నిలబడి రెండు నిమిషాల్లో చూసుకోగలిగినవి ఇవన్నీ.

ఎస్‌ఎంపీఎస్ అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. రచయిత మన చూపును కింద చిన్న అక్షరాల పట్టీ మీదికి తెస్తాడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది పసుపుపచ్చ వైర్ల 12 వోల్టుల మీదే. ఆ గడిలో 14 ఆంపియర్లు అని ఉంటే గుణించి చూడండి, 168 వాట్లు. తక్కిన అంకెంతా ఈ రోజుల్లో పెద్దగా వాడకం లేని 5 వోల్టులు, 3.3 వోల్టుల లెక్క కలిపి చూపించింది. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు గురించి కూడా తేటగా చెప్పాడు. కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో అది చెబుతుంది, లో వోల్టేజీని ఎంత తట్టుకుంటుందో చెప్పదు.

యూపీఎస్ పెట్టినా కరెంటు పోగానే సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందని చాలామంది బాధ. అందరూ యూపీఎస్‌నే తిడతారు. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో సిస్టమ్‌ను నిలబెట్టాల్సింది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్. మంచిదైతే నిండు లోడు మీద కూడా 16 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. క్యాబినెట్‌తో వచ్చే చవక వాటిలో ఆ కెపాసిటర్‌నే చిన్నది వేస్తారు. ఇంత సూటిగా ఈ సంగతి ఎక్కడా చదవలేదు నేను.

డబ్బా విప్పే అధ్యాయాన్ని హెచ్చరికతో మొదలుపెట్టడం నాకు నచ్చింది. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. నేర్చుకునే పిల్లలు ఆ పేజీ చదవకుండా స్క్రూడ్రైవర్ పట్టకూడదు.

ఒక్కచోట నేను రచయితతో ఒప్పుకోను. క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఏదైనా సరే పక్కన పడేయమంటాడు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా మీసేవ పనికో, ట్యాలీ లెక్కలకో వాడే సిస్టమ్ తినే కరెంటు తక్కువే. ఈ పుస్తకంలోని పరీక్షలకు నిలిచిన డబ్బా అయితే అక్కడ నిశ్చింతగా వాడుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ నుంచి సామాను తెప్పించుకుని కొత్తగా షాపు పెట్టే కుర్రవాడికి ఆ మిగులు డబ్బు చిన్నది కాదు.

ఎర్తింగ్ గురించి రాసిన పేజీలు మాత్రం నాకు చాలలేదు. క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని వచ్చేవాళ్లకు అతను చెప్పే కారణం నూటికి నూరుపాళ్లు నిజం. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని రెండు చిన్న కెపాసిటర్లు రేకుకు కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో సుమారు సగం ఆ రేకు మీద తేలుతుంది. ఆ కరెంటు స్వల్పమే కానీ, లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున మొత్తం 230 వోల్టులూ అదే రేకు మీదికి వస్తాయి. ఎర్తింగ్ కోసం ఉప్పు, బొగ్గు వేసిన గుంత ఎండాకాలంలో ఎండిపోతే ఎర్త్ వైరు ఉన్నా లేనట్టే. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చే అలవాటు మన షాపుల్లో ఇంకా పోలేదు. ఆ భాగాన్ని పెంచి విడిగా చిన్న పుస్తకంగా వెయ్యమని రచయితను కోరుతున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ల ఎలక్ట్రీషియన్లకూ ఉచితంగా పంచుదాం. అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు
సూర్యాపేట