అమ్మమ్మ ఇల్లు ఎవరిది?

మే నెల వచ్చిందంటే మా ఆదివారం పేజీకి అమ్మమ్మ ఇళ్లు వరసగా దిగుతాయి. కవితల్లోలెండి. మల్లెపందిరి, నులకమంచం, కుండలో మజ్జిగ, ఆఖర్న తాళం పడిన తలుపు. ఒకరి పందిరి తీసి ఇంకొకరి వాకిట్లో వేసినా కవులు పోల్చుకోలేరు.

ఇలాంటివి రాసేవాళ్లు సలహా అడిగితే కమలాదాస్ ‘మై గ్రాండ్‌మదర్స్ హౌస్’ చదవమంటాను. 1965లో ‘సమ్మర్ ఇన్ కలకత్తా’ సంపుటిలో వచ్చింది. పేజీ కూడా నిండని కవిత. చదవగానే మనవాళ్లు వేసవి సెలవులు, అమ్మమ్మ గారాబం అనుకుని దాన్ని సొంతం చేసేసుకుంటారు. చిక్కంతా అక్కడే. మనకు అమ్మమ్మగారిల్లంటే నాలుగు రోజులుండి వచ్చే చోటు. ఆమెకు అది పుట్టుకతో హక్కున్న ఇల్లు.

మలబారులోని పున్నయూర్కుళంలో ఉండేది ఆ నాలప్పాట్ ఇల్లు. నాయర్ల తరవాడు, అంటే ఉమ్మడి కుటుంబపు ఇల్లు. వాళ్ల వారసత్వ పద్ధతి మరుమక్కత్తాయం ప్రకారం ఆస్తి తల్లి వైపు నుంచి వచ్చేది. పెత్తనం మేనమామదైనా, పెళ్లయిన ఆడపిల్ల ఆ ఇంటి మనిషిగానే ఉండేది. 1932 నాటి మద్రాసు చట్టం తరవాడ్ల పంపకాలకు వీలు కల్పించింది. 1975లో కేరళ చేసిన చట్టం ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసింది. కవిత పుట్టింది ఈ రెండింటి నడుమ. అప్పటికి కమలాదాస్, పదిహేనేళ్లకే పెళ్లయి, భర్త ఉద్యోగం వెంట నగరాలు పట్టిన మనిషి.

కవితలో అమ్మమ్మ పోయాక ఇల్లు మూగబోతుంది. పుస్తకాల మధ్య పాములు తిరుగుతుంటాయి. ఆ పుస్తకాలు చదివే వయసు కవిత చెబుతున్న పిల్లకింకా రాలేదు. పాములంటే శిథిలత్వం, చావు అని పరీక్షల గైడ్లు తేల్చేస్తాయి. కొంత నిజమే, కానీ ఆ ఇల్లెలాంటిదో చూడాలిగదా. కమలాదాస్ అమ్మకు మేనమామ నాలప్పాట్ నారాయణ మేనోన్ పేరున్న కవి. విక్టర్ హ్యూగో ‘లే మిజరబ్ల్‌’ను ‘పావంగళ్’గా మలయాళంలోకి తెచ్చింది ఆయనే. అమ్మ బాలామణి అమ్మ కూడా కవే. పుస్తకాలకు లోటేముంది? ఇక పాముల సంగతి. తరవాడు పెరట్లో సర్పక్కావు, అంటే నాగదేవత తోపు, ఉంటుంది. అక్కడ చెట్టు కొట్టరు, సందెవేళ దీపం పెడతారు. మనం నాగులచవితికి పుట్టను వెతుక్కుంటూ వెళ్తాం. వాళ్ల నాగదేవత ఇంటి హద్దుల్లోనే ఉంటుంది. మనుషులు ఖాళీ చేసిన గదిలోకి ఆ పాము వస్తే, పెరట్లో కాపురమున్న పాత వాటాదారు లోపలికొచ్చినట్టే.

కవిత చివర్లో కమలాదాస్ పరాయి గుమ్మాల ముందు ప్రేమ కోసం చేయిచాస్తున్నానంటుంది. సెలవులకొచ్చి వెళ్లే మనవరాలంటే ఆ మాట అతిగా ఉండేది. హక్కుదారు అంటోంది కాబట్టే గుచ్చుకుంటుంది.

దీని పక్కన ఏ.కె. రామానుజన్ ‘స్మాల్ స్కేల్ రిఫ్లెక్షన్స్ ఆన్ ఎ గ్రేట్ హౌస్’ (‘రిలేషన్స్’, 1971) పెట్టి చూడండి. ఆ ఇల్లు దేన్నీ వదలదు. లైబ్రరీ పుస్తకాలు, పక్కింటివాళ్ల గిన్నెలు, లెక్కలు చూస్తూ ఉండిపోయిన అల్లుళ్లు, అందరూ అన్నీ అందులోనే. నవ్వుకుంటూ చదువుతుంటే, సరిహద్దులో పోయిన ఇంటి కుర్రాడు టెలిగ్రాం కంటే ముందే శవమై వచ్చేస్తాడు. నాకు కమలాదాస్ కవితే ఎక్కువ ఇష్టం. మనవాళ్లు నేర్చుకోదగ్గది మాత్రం రామానుజన్ దగ్గర ఉంది: వస్తువుకో ఊరూ పేరూ ఉంటాయక్కడ. గిన్నె అని రాస్తే చాలదు, దాని మీద ఎవరి పేరు కొట్టించారో కూడా చూడాలి.

పేరంటే గుర్తొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. మా అమ్మకు అంతకు చాలా ముందే పెళ్లయింది. అయినా ఇప్పటికీ “మా ఇంట్లో అయితే” అని మొదలుపెట్టిందంటే అది పుట్టింటి గురించే. నాన్న కట్టిన ఇంట్లో కూర్చునే అంటుంది.

మాకు కవితలు పంపేవాళ్లలో మనవలే ఎక్కువ. కూతుళ్లు పంపేవి తక్కువ. వాటా వద్దని కాగితం మీద సంతకం పెట్టడానికి పుట్టింటికి వెళ్లిన వాళ్లుంటే రాయండి. ఆ రోజు ఎవరు రమ్మన్నారు, వంటింట్లో ఏం వండారు, బస్సు దాకా ఎవరు దిగబెట్టారు, అన్నీ రాయండి. పద్యమైనా సరే, వచనమైనా సరే.