జవాబు సిద్ధముగా లేని ప్రశ్నలు

ఉన్నత పాఠశాలలలో జరుగు వైజ్ఞానిక ప్రదర్శనలను చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. బల్లలపై అగ్నిపర్వతములు పొగలు గ్రక్కును, గాలిమరలు తిరుగును, ప్రక్కన నిలిచిన విద్యార్థి కంఠస్థము చేసిన నాలుగు వాక్యములు ఒప్పజెప్పును. "ఈ రెక్కను ఇంకొంచెము వంచినచో ఏమగును?" అని అడిగినచో అతడు ఉపాధ్యాయుని వంక చూచును. ప్రదర్శన అందముగా నున్నది. కాని అందులో పరిశోధన లేదు. విశ్వవిద్యాలయములలో జరుగు పరిశోధన ఎట్లుండునో బడిపిల్లలకు చవిచూపుట సాధ్యమా? సాధ్యమేయని చూపిన ప్రయత్నములలో అంతర్జాతీయ యువ భౌతికశాస్త్రజ్ఞుల టోర్నమెంటు ముఖ్యమైనది. దాని గుణదోషములు ఉపాధ్యాయులు తెలిసికొనదగినవి.

ఈ పోటీ 1979 లో మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయములో పుట్టి, 1988 లో అంతర్జాతీయమైనది. జట్టుకు ఐదుగురు విద్యార్థులు. పదిహేడు సమస్యలు ఎన్నో నెలల ముందే ప్రకటింపబడును. 1967 లో వార్సాలో ఆరంభమైన భౌతికశాస్త్ర ఒలింపియాడ్‌తో పోల్చినచో దీని ప్రత్యేకత తెలియును. ఒలింపియాడ్‌లో విద్యార్థి ఒంటరిగా, గడియారము చూచుకొనుచు, పరీక్షకునికి ముందే జవాబు తెలిసిన సమస్యను సాధించును. అదియు గొప్ప నేర్పే. కాని ఇచ్చట సమస్యకు ఒకే జవాబు లేదు, తొందర లేదు, పని నలుగురితో కలిసి చేయవలెను.

2013 సంవత్సరపు మొదటి సమస్య ఇందుకు చక్కని ఉదాహరణము. ఒకే ఒక ఏ4 కాగితమును, అవసరమైనచో కొద్దిపాటి జిగురును వాడి, 280 మిల్లీమీటర్ల ఎడముపై వంతెన కట్టవలెను. ఆ వంతెన బలమును తెలుపు కొలతలను విద్యార్థులే ఏర్పరచుకొని, వానిని వీలైనంత మెరుగుపరుపవలెను. కాగితము పొడవు 297 మిల్లీమీటర్లు. నిలువుగా పరచినచో రెండు కొనలు ఆనుటకు మిగులునది మొత్తము 17 మిల్లీమీటర్లే.

ఈ సమస్య సారమంతయు 'బలము' అను మాటలో నున్నది. బలమనగా నేమి? నడుమ వ్రేలాడదీసిన ఎంత బరువుకు వంతెన కూలునో అదియా? ఒక సెంటీమీటరు క్రుంగుటకు పట్టు బరువా? వంతెన తన బరువునకు ఎన్ని రెట్లు మోయగలదను సంఖ్యయా? చదరపు మీటరునకు 80 గ్రాములు తూగు కాగితమైనచో ఏ4 ముక్క బరువు సుమారు 5 గ్రాములు మాత్రమే. పాఠ్యపుస్తకములోని లెక్క దేనిని కొలవవలెనో తానే చెప్పి, 'ఎంత?' అని మాత్రము అడుగును. ఇచ్చట దేనిని కొలవవలెనో తేల్చుకొనుటయే మొదటి పని. పరిశోధకుని పనియు ఇట్లే మొదలగును.

హార్మోనియపు తిత్తివలె మడతలు పెట్టిన కాగితము ఏల సులభముగా వంగదు? పదార్థము నడిమితలము నుండి ఎంత దూరమున నున్నదో, ఆ దూరపు వర్గమును బట్టి వంగుటను ఎదిరించు గుణము పెరుగును. కాగితపు మందము 0.1 మిల్లీమీటరు, మడత ఎత్తు 10 మిల్లీమీటర్లు అయినచో ఎత్తు నూరు రెట్లు. ఎదిరించు గుణము సిద్ధాంతరీత్యా సుమారు పదివేల రెట్లు. అట్లని మడతలను ఇంకను ఎత్తు చేయుచు పోయినచో అవి ప్రక్కలకు విచ్చుకొనును. పలుచని గోడలు నలిగిపోవును. లెక్క ఎచ్చట చెల్లినదో, ఎచ్చట తప్పినదో విద్యార్థి కన్నులార చూచును. ఇది వట్టి ఆట కాదు. టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన కోర్యో మియురా రూపొందించిన మడత పద్ధతిని 1995 లో జపాను ప్రయోగించిన స్పేస్ ఫ్లయర్ యూనిట్ అను ఉపగ్రహముపై సౌరఫలకమును విప్పుటకు వాడిరి.

పోటీలోని వాదపద్ధతి మరింత మెచ్చదగినది. ఒక జట్టు తన పరిష్కారమును పండ్రెండు నిమిషములలో నివేదించును. ప్రత్యర్థి జట్టు దానిని ప్రశ్నించి, లోపములతో పాటు మంచిని కూడ ఎత్తి చూపవలెను. తన సొంత పరిష్కారమును వినిపింపరాదు. మూడవ జట్టు ఇరువురిని సమీక్షించును. పిదప పాత్రలు మారును. సాధారణ తరగతిలో ప్రశ్నించుట గురువు వంతు, జవాబు చెప్పుట శిష్యుని వంతు. తోటివాని పనిని గౌరవముతో ప్రశ్నించుట అరుదుగా నేర్పబడును. "ఒకే తీరు వంతెనలు రెండు వేర్వేరు బరువులకు కూలినవి గదా, ఎన్నిసార్లు కొలిచితివి?" అను ప్రశ్నకు తడబడిన విద్యార్థి మరునాడు పది వంతెనలు కట్టి సగటు తీయును.

అయినను లోపములు లేకపోలేదు. పోటీ ఆంగ్లములో జరుగును. అందుచే వాగ్ధాటి కలవాడు ఆలోచన కలవానిని మించిపోవు ప్రమాదమున్నది. సమస్యలు నెలల తరబడి చేతిలోనుండుటచే, విద్యార్థి పని ఎంతో, శిక్షకుని పని ఎంతో విడదీయుట కష్టము. వేగముగా చిత్రములు తీయు కెమెరా ఉన్న బడికిని, స్కేలు తప్ప మరేమియు లేని బడికిని పోటీ సమానము కాదు. ప్రత్యర్థి ప్రశ్నలు అరువు తెచ్చుకొన్న తెలివిని కొంతవరకు బయటపెట్టును, పూర్తిగా కాదు. పైగా, ఎంపికైన ఐదుగురికి దక్కిన అనుభవము తక్కినవారికి దక్కదు.

కావున పతకములను గాక, పద్ధతిని అరువు తెచ్చుకొనుట మేలు. 1993 లో జాతీయస్థాయిలో ఆరంభమైన బాలల సైన్స్ కాంగ్రెస్ ఊరి సమస్యపై జట్టుగా పని చేయుటకు దారి చూపినది. దానికి ఈ ప్రత్యర్థి పద్ధతి తోడైన చాలును. నలువది మంది తరగతికి ఎనిమిది జట్లు. కొన్ని కాగితములు, జిగురు, రెండు బల్లలు, ఒక డబ్బా, ఇసుక, కిరాణా దుకాణపు త్రాసు. వాదము తెలుగులోనే జరుగవచ్చును. ఖర్చు స్వల్పము. కష్టమైనది మరొకటి: "ఈ జవాబు నాకును తెలియదు, కొలిచి చూడుడు" అని గురువు పిల్లల యెదుట అనగలుగుట. అది అనలేని తరగతిలో కాగితపు వంతెనయు మరొక అగ్నిపర్వతమే అగును. అనగలిగిన తరగతిలో కూలిన ప్రతి వంతెనయు ఒక ప్రశ్నను మిగుల్చును.